అమ్మ మనసుకో చెట్టునీడ

తెలుగు ఇళ్ళలో బాలింత ఒంటికి ఒక పెద్ద శాస్త్రమే ఉండేది. తొలి కానుపుకి ఆడపిల్లని పుట్టింటికి తెచ్చుకోవాలి. కానుపయ్యాక నడికట్టు కట్టాలి, చెవుల్లో దూది పెట్టాలి, తలకి గుడ్డ చుట్టాలి. పొద్దున్నే కాయం ఉండ, పాత బియ్యపు అన్నంలో వెల్లుల్లి కారం, దాహమేస్తే కాచి చల్లార్చిన నీళ్ళు, అవీ కొలిచినట్టు. ఒళ్ళు చురుక్కుమనే వేన్నీళ్ళు పోసి, కుంపట్లో సాంబ్రాణి వేసి ఆ పొగలో జుట్టు ఆరబెట్టాలి. పదకొండో రోజున పురుడు, ఇరవై ఒకటో రోజున బావిలో చేద వేయించడం. ఆ రోజు బాలింత తలంటు పోసుకుని, బావి గట్టుకి పసుపు రాసి కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని చేద వేసి నీళ్ళు తోడితే మళ్ళీ ఇంటి పనుల్లోకి వచ్చినట్టు లెక్క.

ఇంత పథ్యంలో మనసు ఊసు లేదు.

బిడ్డని చూసినా ముఖం వికసించని బాలింతలు అప్పుడూ ఉన్నారు. ఎందుకు ఏడుస్తుందో తనకే తెలియకుండా గోడవైపు తిరిగి ఏడ్చే పిల్లలూ ఉన్నారు. అలాంటి పిల్లకి గాలి సోకిందన్నారు, దయ్యం పట్టిందన్నారు, తాయెత్తు కట్టించారు. బిడ్డ పోతే మళ్ళీ కడుపు పండుతుందిలే అన్నారు. పెద్దవాళ్ళు ప్రేమ లేక అన్న మాటలు కావవి. వాళ్ళకి తెలిసిన ఓదార్పు అంతే. తల్లి అంటే ఓర్చుకునేది అని తరతరాలుగా నమ్మిన ఇళ్ళలో ఓర్పుకి మించిన మందు ఎవరి దగ్గరా లేకపోయింది. ఉన్నదల్లా తిరగలి దగ్గరా రోకళ్ళ దగ్గరా పాడుకున్న పాటలు. అత్త ఆరళ్ళూ పుట్టింటి బెంగా సీత కష్టాల్లో కలిపి పాడుకుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు.

ఆ పాట దాటి తెలుగు తల్లులు తమ మనసు కోసం ఒక చోటు వెతుక్కున్న కథ నూట పాతికేళ్ళ నాటిది. ఆ చోటు ఒకప్పుడు సమాజమైంది, ఒకప్పుడు పత్రిక, ఒకప్పుడు రాత్రిబడి. ఎక్కడ చూసినా దాన్ని కట్టుకున్నది చాలావరకు తల్లులే. ఈ సంగతి చెప్పుకోవాల్సినంతగా మనం చెప్పుకోలేదు.

కథ భండారు అచ్చమాంబతో మొదలుపెట్టాలి. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు ప్రాంతంలో 1874లో పుట్టింది. ఆరేళ్ళకే తండ్రి పోయాడు, పదేళ్ళకే పెళ్ళయింది. భర్త మాధవరావు ఇంజనీరు. ఆయన ఉద్యోగం మధ్యపరగణాల్లో కావడంతో నాగపూరు, బిలాస్‌పూరు వైపు కాపురం. చుట్టూ హిందీ, మరాఠీ. తెలుగు మాట ఇంట్లో తప్ప వినపడదు. బడి మొహం చూడని ఆ పిల్లకి చదువు చెప్పింది ఆమెకంటే చిన్నవాడు, తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. తర్వాత్తర్వాత విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నిలబెట్టి, తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న లక్ష్మణరావు ఈయనే. నాగపూరులో చదువుకోవడానికి అక్క ఇంట్లో ఉన్న తమ్ముడు, తాను నేర్చుకున్నది అక్కకి నేర్పాడు. తెలుగు, హిందీ వచ్చాయి. ఆ పైన మరాఠీ, బెంగాలీ, గుజరాతీ, కొంత సంస్కృతం కూడా నేర్చుకుంది.

అచ్చమాంబకి ఒక కొడుకు, ఒక కూతురు. ఇద్దరూ చిన్నతనంలోనే పోయారు.

బిడ్డలు పోయిన తల్లులు ఆ రోజుల్లో ఊరూరా ఉన్నారు. మశూచి, కలరా, విషజ్వరాలు ఏ ఇంటినీ వదల్లేదు. అందరు తల్లులూ పుస్తకాలు రాయలేదు. అచ్చమాంబ చేతిలో అక్షరం ఉంది, పక్కన తమ్ముడున్నాడు, మాట్లాడుకోవడానికి పుస్తకాలున్నాయి. శోకం మనిషిని రచయితని చేస్తుందని తేలిగ్గా అంటుంటారు. అచ్చమాంబ జీవితం చూస్తే అది సగం మాటే అనిపిస్తుంది. ఆ శోకానికి పోవడానికి ఒక దారంటూ ఉంది, మిగతా తల్లులకి ఆ దారి లేదు. తేడా అక్కడే.

ఆమె పెట్టుకున్న పని చిన్నది కాదు. స్త్రీలు అబలలు, తెలివి తక్కువవాళ్ళు, చదివితే చెడిపోతారు అని మగవాళ్ళు అనే మాటలకి జవాబుగా దేశ చరిత్రలోని స్త్రీల జీవితాలన్నీ ఒక చోట చేర్చాలనుకుంది. అలా వచ్చిందే అబలా సచ్చరిత్ర రత్నమాల. సుమారు వెయ్యేళ్ళ చరిత్రలో రాజ్యాలేలిన వాళ్ళు, కవిత్వం చెప్పిన వాళ్ళు, యుద్ధాలు చేసిన వాళ్ళు అందులో ఉన్నారు. వీరేశలింగం చింతామణి పత్రిక తరఫున అది అచ్చయింది. స్త్రీల చరిత్రని ఒక స్త్రీ తెలుగులో రాయడం అదే మొదలు. ఇంట్లో మాత్రం దిక్కులేని పిల్లల్ని చేరదీసి చదువు చెప్పింది. కన్న పిల్లలు లేని ఇల్లు పిల్లల్లేని ఇల్లు కాకుండా చూసుకుంది.

1902లో అచ్చమాంబ మచిలీపట్నం వచ్చి ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. తర్వాత తెలుగు దేశమంతా తిరిగి ఎన్నో ఊళ్ళలో సమాజాలు పెట్టించింది. సమాజం అంటే పెద్ద భవనమేమీ కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మగవాళ్ళు కచేరీలకి వెళ్ళిన వేళ, ఎవరో ఒకరి ఇంట్లో చాప పరిచి కూర్చునేవాళ్ళు. చదువు వచ్చిన ఒకామె పత్రిక పైకి చదివితే మిగిలినవాళ్ళు వినేవాళ్ళు. ఆనాటి ఇల్లాలికి గుడికో పేరంటానికో తప్ప గడప దాటడానికి కారణం ఉండేది కాదు. నోమూ వ్రతమూ కాని పనికి, తన కోసం తాను, ఒక గంట ఇల్లు వదిలి వెళ్ళడమన్నది ఈ సమాజాలతో మొదలైంది. ఈనాటి కంటికి చాలా చిన్న విషయంలా కనిపిస్తుంది. కాని పసిబిడ్డని చంకన వేసుకుని వచ్చిన తల్లికి ఆ గంటలో తనలాంటి పదిమంది కనిపించారు. తన ఇంట్లో జరిగేది తన ఒక్కదాని తలరాత కాదని తెలిసింది.

అదే ఏడాది ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య హిందూసుందరి పత్రిక మొదలుపెట్టాడు. స్త్రీల కోసం తెలుగులో పత్రికలు అంతకు ముందూ ఉన్నాయి. 1883లోనే వీరేశలింగం సతీహితబోధిని నడిపాడు. ఆ తర్వాత తెలుగు జనానా వచ్చింది. అవన్నీ మగవాళ్ళు ఆడవాళ్ళకి మంచి చెప్పడం కోసం పెట్టిన పత్రికలు. భర్తని ఎలా చూసుకోవాలి, పిల్లల్ని ఎలా పెంచాలి, ఇల్లు ఎలా దిద్దుకోవాలి. చదివే తల్లికి అన్నీ ఉపయోగపడే సంగతులే, కాని ఆమె ఎలా ఉందని అడిగినవాళ్ళు తక్కువ. హిందూసుందరి కూడా మగవాడు మొదలుపెట్టిన పత్రికే అయినా త్వరలోనే ఆడవాళ్ళ చేతికి వచ్చింది. మోసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ సంపాదకులయ్యారు. తర్వాత పత్రిక కాకినాడ చేరి, అక్కడి విద్యార్థినీ సమాజం పూచీ మీద బాలాంత్రపు శేషమ్మ, మాడభూషి చూడమ్మ చేతుల్లో నడిచింది.

అచ్చమాంబ కథలు ధనత్రయోదశి, స్త్రీవిద్య 1902లో హిందూసుందరిలోనే వచ్చాయి. స్త్రీవిద్యలో భార్యాభర్తలు మాట్లాడుకుంటారు. దేశం పనిలో జైలుకి వెళ్ళబోతున్న భర్త, భార్యని చదవడం రాయడం నేర్చుకోమంటాడు. ఆమె ఆ రోజుల్లో నలుగురూ అనే అభ్యంతరాలన్నీ చెబుతుంది. ఆయన ఒక్కొక్కదానికీ జవాబిస్తాడు. కథంతా ఒక చిన్న నిజం చుట్టూ తిరుగుతుంది: దూరాన ఉన్న మనిషి రాసిన ఉత్తరం తనంతట తాను చదువుకోలేని భార్యకి, ఆ మనిషితో ఏకాంతం అంటూ ఉండదు. ఇంకొకరి నోటితో వినాలి, ఇంకొకరి చేత రాయించాలి. మనసులో మాట మూడో మనిషి చేతికి ఇవ్వాలి. చదువు స్త్రీకి ఎందుకని వాదించిన పెద్ద పెద్ద ఉపన్యాసాలకంటే ఈ ఒక్క ఉత్తరం సంగతి బలంగా తగులుతుంది.

1905లో, మధ్యపరగణాల్లో ప్లేగు వచ్చినప్పుడు రోగులకి సేవ చేస్తూ అచ్చమాంబ జబ్బు పడి చనిపోయింది. అప్పటికి ముప్పై ఏళ్ళు. ఆమె తలపెట్టిన రత్నమాల తక్కిన భాగాలు పూర్తి కాలేదు.

సమాజాలకీ పత్రికలకీ లోపాలు లేకపోలేదు. అక్కడ కూర్చున్న వాళ్ళు ఎక్కువగా పై కులాల ఇల్లాళ్ళు. పాతివ్రత్యం మీద ఈగ వాలనిచ్చేవాళ్ళు కాదు. వితంతు వివాహం లాంటి విషయాల్లో ఆడవాళ్ళే ఆడవాళ్ళకి ఎదురు నిలిచి పత్రికల్లో వాదించుకున్నారు. కాని వాదించుకున్నారన్నదే గొప్ప సంగతి. తన అభిప్రాయం తన పేరుతో అచ్చులో చూసుకున్న ఇల్లాలు ఇంట్లో అంతకు ముందున్న మనిషి కాదు.

ఆ అచ్చులో ముచ్చట చెప్పుకోవడం ఎంత హాయిగా ఉంటుందో బాపట్లకి చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ చూపించింది. 1896లో పుట్టిన ఆమె, లీలావతి అనే పేరుతో ఆంధ్రపత్రికలో మా చెట్టునీడ ముచ్చట్లు రాసింది. తర్వాత గృహలక్ష్మిలో శారద లేఖలు. స్త్రీల జబ్బులకి లోధ్ర అనే మందు తయారుచేసి పేరు పడిన కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి మొదలుపెట్టాడు. ఒంటికి మందు అమ్మిన మనిషే మనసుకీ ఒక పత్రిక ఉండాలనుకోవడం గుర్తు పెట్టుకోదగ్గ సంగతి. శారద లేఖల్లో శారద అనే ఇల్లాలు తన స్నేహితురాలు కల్పలతకి ఉత్తరాలు రాస్తుంటుంది. బాల్యవివాహాలని అడ్డుకునే శారదా చట్టం, విడాకులు, ఖద్దరు, పండగలు, ఊళ్ళో జరిగిన సభ, అన్నీ ఆ ఉత్తరాల్లోకి వస్తాయి. ఉపన్యాసం అయితే ఇల్లాళ్ళు అంత ఇష్టంగా చదివేవాళ్ళు కాదేమో. స్నేహితురాలి ఉత్తరం కాబట్టి ప్రతి చదువరీ తానే కల్పలత అనుకుంది. గృహలక్ష్మి 1934లో ఇవ్వడం మొదలుపెట్టిన స్వర్ణకంకణం మొదట అందుకున్నది వరలక్ష్మమ్మే. బాపట్లలో ఆమె స్త్రీ హితైషిణీ మండలి కూడా నడిపింది. రాసే చేయి కూడగట్టే చేయి కూడా కావడం ఆ తరం రచయిత్రుల్లో తరచూ కనిపిస్తుంది.

నిజాం రాజ్యంలో ఇదే పని మరింత కష్టం మీద జరిగింది. తెలుగు బడులే తక్కువైన చోట తెలుగు ఇల్లాలి చదువు ఎంత? అయినా 1930లో జోగిపేటలో నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దానితో పాటే మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ దానికి అధ్యక్షురాలు.

దుర్గాబాయి కథ మరో తీరు. 1909లో రాజమండ్రిలో పుట్టి, ఎనిమిదో ఏటే పెళ్ళి చేస్తే పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దని చెప్పుకోగలిగిన పిల్ల. కాకినాడలో చిన్నతనంలోనే ఆడవాళ్ళకి హిందీ బడి పెట్టింది. ఆ బడిలో హిందీ నేర్చుకున్న వాళ్ళలో ఆమె తల్లి కృష్ణవేణమ్మ కూడా ఉంది. కూతురు గురువు, తల్లి శిష్యురాలు. పిల్లలకి చదువు చెప్పించడమే తల్లి బాధ్యత అనుకునే రోజుల్లో తల్లి తన కోసం తాను పలక పట్టింది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో దుర్గాబాయి జైలుకి వెళ్ళింది. అక్కడ శిక్షలు పడ్డ ఆడవాళ్ళని దగ్గరగా చూసింది. చట్టం తెలియక, తమ మాట ఎవరికి ఎలా చెప్పుకోవాలో తెలియక, చేయని నేరాలు కూడా నెత్తిన వేసుకున్న వాళ్ళున్నారు. బయటికి వచ్చాక కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా రాసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసింది.

1937లో మద్రాసులో ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ మొదట్లో ఇంటి చదువే. తనలాగే మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి అదే కాశీ మెట్రిక్‌కి తయారుచేసేది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, పిల్లల తల్లులు అందులో ఉన్నారు. పన్నెండేళ్ళ పిల్లకి చెప్పినట్టు ముప్పై ఏళ్ళ తల్లికి ఒక్కో తరగతీ చెప్పుకుంటూ పోతే కుదరదని దుర్గాబాయికి అనుభవం మీద తెలిసింది. జీవితం చూసిన మనిషికి పాఠం త్వరగా ఎక్కుతుంది, కాని ఆమెకి కాలం లేదు, ఇంటి బరువు ఉంది. ఈ అనుభవమే తర్వాత దేశానికి పనికొచ్చింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆమె మొదటి అధ్యక్షురాలైంది. 1958 నుంచి ఆ బోర్డు వయోజన స్త్రీలకి సంక్షిప్త విద్యా కోర్సులు నడిపింది. ఏళ్ళ చదువుని రెండేళ్ళలోకి కుదించి పరీక్షకి కూర్చోబెట్టడం వాటి పద్ధతి. అలా చదివి నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు అయిన తల్లుల పిల్లలు ఇవాళ తాతలూ బామ్మలూ. తమ తల్లి రాత్రి దీపం దగ్గర పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉండగా చూసిన తరం అది.

చదువుకున్న తల్లికీ దిగులు ఉంటుంది. ఆ దిగులు చెప్పుకునే చోటు 1950ల్లో మాలతీ చందూర్ రూపంలో దొరికింది. నూజివీడులో పుట్టి మద్రాసులో స్థిరపడ్డ ఆమె, ఆంధ్రప్రభ వారపత్రికలో ప్రమదావనం శీర్షిక మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపింది. ఒకే మనిషి ఒకే శీర్షిక అన్నేళ్ళు రాయడం ఏ పత్రికలోనూ మామూలు సంగతి కాదు. ఆవకాయ బూజు పట్టకుండా ఏం చేయాలి అన్న ఉత్తరం పక్కనే, భర్త మాట్లాడడం మానేసి నెల అయింది అన్న ఉత్తరం ఉండేది. కాన్పయ్యాక ఒళ్ళు వచ్చిందని బెంగపడే పిల్ల, ఆడపిల్లలే పుట్టారని అత్త సాధిస్తుంటే కుమిలిపోయే కోడలు, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయాక పొద్దు పోని తల్లి, అందరూ రాసేవాళ్ళు.

ఆమె జవాబుల్లో జాలి తక్కువ, దారి ఎక్కువ. ఏడుస్తూ కూర్చోవద్దు, కుట్టు నేర్చుకో, టైపు నేర్చుకో, పరీక్షకి కట్టు, బ్యాంకులో నీ పేరున ఖాతా తెరువు అన్నట్టుండే ధోరణి. డాక్టరుకి చూపించుకోవాల్సిన సంగతయితే ఆ మాటే చెప్పేది. మానసిక వైద్యం అనగానే పిచ్చి అనుకునే రోజుల్లో, దిగులు సిగ్గుపడాల్సిన విషయం కాదని ఒక పత్రిక పేజీ వారం వారం చెప్పడం తక్కువ ఉపకారం కాదు. ఎవరికీ పేరు చెప్పనక్కర్లేదు. ఇన్లాండు కవరు ఖరీదుకి ఒక పెద్దక్క దొరికింది. ఆమె పెద్ద పట్టాలు పుచ్చుకున్న మనిషి కాదు, తనంతట తాను చదువుకుని ఎదిగింది. పాతకెరటాలు పేరుతో ఇంగ్లీషు నవలలని తెలుగు ఇల్లాళ్ళకి కథలుగా పరిచయం చేసింది. హృదయనేత్రి నవలకి 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇంత రాసిన రచయిత్రిని చాలామంది వంటల పుస్తకంతోనే గుర్తు పెట్టుకోవడం అన్యాయం.

ఇక్కడిదాకా వచ్చిన తల్లులందరికీ కనీసం ఎవరో ఒకరు చదివి వినిపించే పత్రిక అందుబాటులో ఉంది. కాయం ఉండలూ ఇరవై ఒక్క రోజుల విశ్రాంతీ కాస్త కలిగిన ఇళ్ళ వైభోగం. నాట్లకీ కలుపుకీ పోయే తల్లి కాన్పయిన కొద్ది రోజులకే పొలంలో ఉండేది. గట్టు మీద చెట్టుకి చీర ఉయ్యాల కట్టి, పిల్ల ఏడిస్తే పాలిచ్చి మళ్ళీ మడిలోకి దిగేది. ఆమె ఏ సమాజానికీ పోలేదు, ఏ పత్రికకీ ఉత్తరం రాయలేదు. ఆమె గొంతు ఈ కథలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చినప్పుడు మాత్రం రాష్ట్రం దద్దరిల్లింది.

దానికి ముందు ఒక పుస్తకం సంగతి చెప్పాలి. 1986లో హైదరాబాదు నుంచి స్త్రీ శక్తి సంఘటన అనే స్త్రీల బృందం మనకు తెలియని మన చరిత్ర ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలని వాళ్ళ నోటితోనే చెప్పించి రికార్డు చేసి అచ్చు వేశారు. దళాలతో అడవుల్లో తిరుగుతూ, పసిబిడ్డ ఏడిస్తే అందరూ దొరికిపోతారని ఆ బిడ్డని పరాయివాళ్ళ చేతుల్లో పెట్టి వెళ్ళిపోయిన తల్లి మాట అందులో ఉంది. పోరాటం ఆగాక ఇంటికి వెళ్ళి వంట చూసుకోమంటే మింగలేక కక్కలేక బతికిన వాళ్ళున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ బాధని ఎవరూ అడగలేదు. చరిత్ర రాసినవాళ్ళు తుపాకుల లెక్క రాశారు, ఆ తల్లి గుండెలో ఏముందో రాయలేదు. అడిగేవాళ్ళు రాగానే ఆ స్త్రీలు చెప్పారు, ఆగకుండా చెప్పారు. ఆ తర్వాత 1991లో స్త్రీల ఆరోగ్యం మీద సవాలక్ష సందేహాలు పుస్తకం వచ్చింది. డాక్టరుని అడగడానికి సిగ్గుపడే ప్రశ్నలన్నీ అందులో తెలుగులో, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఉన్నాయి.

ఇక నెల్లూరు. 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలయ్యాక ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. రాత్రిబడులు పెట్టారు. పగలంతా పొలం, సాయంత్రం పొయ్యి, ఆ తర్వాత లాంతరు కింద పలక. వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది తల్లులు. వాచకంలో ఒక పాఠం సీతమ్మ కథ. మొగుడి సారా వల్ల ఒక ఇల్లు ఎలా కూలిపోయిందో చెప్పే కథ అది. పలక మీద అక్షరం దిద్దుకుంటున్న ఆడవాళ్ళు ఆ సీతమ్మలో తమని చూసుకున్నారు. అప్పటిదాకా ఒక్కో ఇంట్లో ఒక్కో తల్లి చీకట్లో దెబ్బలు తిని పొద్దున్నే ఏమీ జరగనట్టు నీళ్ళకి పోయేది. రాత్రిబడిలో పాఠం మీద మాట మొదలై, మా ఇంట్లోనూ ఇంతే అని ఒకామె అంటే, మా ఇంట్లోనూ అని పదిమంది అన్నారు.

ఆ రోజుల్లో సారా ప్యాకెట్లలో వచ్చేది. ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో ఊరూరికీ అందించింది. తాగునీళ్ళు లేని పల్లెకి కూడా సారా ప్యాకెట్టు చేరేది. కూలి డబ్బు ఇంటికి రాకముందే దుకాణంలో ఆగిపోయేది. పిల్లలకి కూడు వండాల్సిన తల్లి పొయ్యి ముందు ఖాళీ కుండతో కూర్చునేది. ఆమె దిగులు మందులతో పోయేది కాదు, దాని మూలం ఊరి నడిమధ్య దుకాణంలో ఉంది.

ఆ జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్ళు తమ ఊరి దుకాణం మూయించారు. వాళ్ళని ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు ఆ తర్వాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. ఈ విజయం కొత్త వాచకంలో ఆడవాళ్ళు ఏకమైతే అన్న పాఠమై మిగతా ఊళ్ళకి పాకింది. ఒక ఊరి తల్లులు చేసిన పని పక్క ఊరి తల్లులు చదువుకునే పాఠం కావడం ఈ ఉద్యమంలో అన్నిటికంటే అందమైన సంగతి. చీపుర్లు, కారం పట్టుకుని ఊరి పొలిమేరలో కాపలా కాశారు. సారా బండిని వెనక్కి పంపారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాలోనూ, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాని నిషేధించారు. 1995 జనవరి 16న ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. 1997లో దాన్ని సడలించారు. సడలింపుతో కథ ముగిసిందని రాసినవాళ్ళు పొరపడ్డారు. సారా మానిపించి మిగిల్చుకున్న డబ్బుతో నెల్లూరు ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాలు నడిపారు. వాటి నుంచే రాష్ట్రంలో పొదుపు సంఘాలు బలపడ్డాయి, డ్వాక్రా అన్న మాట ఇంటింటి మాటయింది. అప్పు, వాయిదా, వడ్డీ చుట్టూ ఆ సంఘాల్లో ఒత్తిడి కూడా పెరిగిన మాట నిజమే. కాని వారానికోసారి గుండ్రంగా కూర్చుని సంతకం పెట్టే తల్లి ఒంటరిది కాదు.

మచిలీపట్నం చాప మీద కూర్చున్న ఇల్లాళ్ళకీ నెల్లూరు రాత్రిబడి తల్లులకీ మధ్య కులంలో, కలిమిలో, కాలంలో ఎంతో దూరం ఉంది. అయినా రెండు చోట్లా జరిగింది ఒకటే. ఓర్చుకోమని చెప్పినన్నాళ్ళూ వాళ్ళ మనసు బాగుపడలేదు. అక్షరం చేతికి వచ్చాక, పక్కన ఇంకో తల్లి కూర్చున్నాక, చేతిలో తనదంటూ నాలుగు డబ్బులు మిగిలాక బాగుపడింది.

వైద్యం కూడా ఆలస్యంగానైనా ఈ వైపుకి వచ్చింది. బాలింత దిగులుని పది ప్రశ్నలతో గుర్తుపట్టే ఎడిన్‌బరో పద్ధతి 1987లో వచ్చింది. మన దేశంలో చాలా భాషల్లో దాన్ని వాడుతున్నారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తల్లినీ బిడ్డనీ ఒకే చోట ఉంచి చికిత్స చేసే వార్డు ఉంది. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం, మానసిక చికిత్స పొందుతున్న తల్లి దగ్గర్నుంచి మూడేళ్ళలోపు బిడ్డని మామూలుగా వేరు చేయకూడదు. తల్లి జబ్బు వల్ల బిడ్డకి ముప్పు ఉంటేనో, బిడ్డ క్షేమానికి తప్పనిసరైతేనో మాత్రమే కొన్నాళ్ళు దూరంగా ఉంచవచ్చు.

మీ ఇంట్లో ఇప్పుడు బాలింత ఉంటే కాయం ఉండ ఇవ్వండి, సాంబ్రాణి వేయండి, పథ్యం అంతా చూసుకోండి. దాంతో పాటు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని నిద్ర పడుతోందా, దిగులుగా ఉందా అని అడిగి, చెప్పినంతసేపూ వినండి. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, చచ్చిపోవాలని మాట జారితే దిష్టి తీసి ఊరుకోవద్దు, వెంటనే డాక్టరుకి చూపించండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ ఫోను సేవ ఉంది. నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.